గోడ పక్క కుర్చీ

మొన్న ఆదివారం చర్చిల నా ఇజ్జత్ పోయింది. తీసింది మనిషి గాదు, నా చెయ్యికి అతికించిన రూపాయి బిళ్ళంత సెన్సార్! ఇంకా కోపం తగ్గలే. నా చాయ్‌ల చక్కెర వెయ్యకుర్రి, చెప్త వినుర్రి.

ఇదంత మా బిడ్డ రూతు పని. దినాం వేలు పొడుసుకునుడు ఎందుకని మొయినాబాద్ డాక్టర్ అన్నడట, నా ఎడమ జబ్బకు దీన్ని పెట్టిచ్చింది. షుగర్ ఎంతున్నదో ఫోన్‌ల చూపిస్తది. మరీ పడిపోతే, ఫోన్ సైలెంట్‌ల ఉన్నా మొత్తుకుంటది.

మా చర్చిల స్త్రీల సంఘానికి నేనే పెద్దను. ప్రసంగంల కునుకు తీసేటోళ్లంటే నాకు మంట. పోయిన వారం సునందను అందరి ముందల్నే అన్న, నిద్రొస్తే ఇంట్లనే ఉండాలెనని. పాపం, ఆమె తెల్లారకముందే టమాటాలు తెంపి వస్తది. అయినా అన్న.

మొన్న ఎప్పటిలెక్కనే గోడ పక్క కుర్చీల కూసున్న. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టిండు. కండ్లు మూసుకున్న, ప్రార్థనకే! ఇంతల ఫోన్ అంబులెన్స్ లెక్క అరిసింది. షుగర్ యాభై నాలుగట!

ప్రసంగం ఆగింది. ఒకామె నోట్ల బెల్లం కుక్కింది. ఇంకొకామె అరటిపండు. సునంద ఉరికిపోయి కూల్‌డ్రింక్ తెచ్చి తాపింది. నాకు చెమట లేదు, వణుకు లేదు. బాగనే ఉన్న అంటే ఒక్కరన్న విన్నరా? ఒళ్ళు మండింది. కానీ అందరు నన్నే చూస్తున్నరు గద, లేచి సాక్ష్యం చెప్పిన. ప్రార్థనల ఉండంగ ప్రాణం మీదికొచ్చింది, దేవుడే లేపిండని. చప్పట్లు గూడ కొట్టిన్రు.

ఆరాధన అయినంక మళ్ళ మోగింది. ఈసారి రెండొందల ఎనభై! రూతు వేలు పొడిచి చూసినా అంతే. ఇగ ఆగలే. వరండాలనే కంపెనీకి ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టిన. అందరు వినాలె గద! యాభై నాలుగని అబద్ధం చెప్పి నాకు బెల్లం తినిపిస్తరా అని దులిపేసిన. అటు దిక్కు పిల్ల మస్తు మర్యాదగ అడిగింది.

"మేడమ్, ఆ టైంలో ఆ చేతి మీద ఒరిగి పడుకున్నారా? సెన్సార్ ఒత్తుకుపోతే తక్కువ చూపిస్తుంది."

పండుకోలే, ప్రార్థన చేస్తున్న అన్న గట్టిగ. రూతు ఊకుంటదా? ఫోన్‌ల గీత అందరికి చూపించింది. ప్రసంగం మొదలైన ఐదో నిమిషం సంది అది కిందికే పోయింది. అయ్యగారు బైబిల్ దిక్కు చూసుకుంట నిలబడ్డడు. నన్ను చూస్తే నవ్వొస్తదని ఆయన ఫికర్.

సునంద దగ్గరికొచ్చి మెల్లగ అన్నది. "నిద్రొస్తే ఇంట్లనే ఉండాలె గద అక్కా."

ఆ మాట నేర్పింది నేనే.

ఎల్లుండితోని ఈ సెన్సార్ గడువు అయిపోతది. కొత్తది కుడి చెయ్యికి పెట్టమన్న. ఎందుకని అడిగింది రూతు.

ఎందుకేంది? నా గోడ ఎడమ దిక్కున్నది!