పెద్దమ్మగారు చూడని ఎలుగు

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో పుస్తకం చదివేసి ఊరుకుంటే కుదిరేది కాదు. చదివినవాళ్ళు అభిప్రాయం చెప్పి తీరాలి. చెప్పకపోతే రెండో పుస్తకం ఇచ్చేవారు కారు. ఇది మా రీడింగు రూము సెక్రటరీ గారు పెట్టిన రూలు. ఆయన అంతకుముందు బడిపంతులుగా చేసినవారు. పాఠం చెప్పి తిరిగి అప్పజెప్పించుకోకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఏ పత్రిక తిరగేసినా పాఠకుల అభిప్రాయాలు కనిపిస్తాయి. వాళ్ళలో సగం మంది అసలు పుస్తకమే చదవలేదని నేను రెండు వాక్యాల్లో పట్టేస్తాను. నాకెలా తెలుస్తుందంటారా? నా మొట్టమొదటి అభిప్రాయం చెప్పేనాటికి నాకు ఒక్క అక్షరం కూడా రాదు. పైగా దాన్ని నా పేరు మీద చెప్పలేదు. ఊళ్ళో అందరూ హడలిపోయే ఒక పెద్దావిడ పేరు మీద చెప్పాను.

మాది రోలుగుంట దగ్గర పల్లె. మా తాత కొండ మీద నుంచి చింతపండు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు దింపే బండి తోలేవాడు. నేనూ ఆ బండి మీదే పెరిగాను. తాత పోయాడు, ఏడాది తిరక్కుండా ఎద్దుల్లో ఒకటి పోయింది, బండి మూలపడింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. పట్నం వచ్చి రీడింగు రూములో పనికి కుదిరాను. పని ఏమిటంటే, పుస్తకాలు సంచిలో వేసుకుని ఇంటింటికీ మోయడం. ఆ కాలంలో ఆడవాళ్ళు రీడింగు రూముకు వచ్చేవారు కారు కనక పుస్తకాలే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. నన్నందరూ 'సంచోడు' అనేవారు. పెట్టిన పేరు మర్చిపోయేటంతగా అన్నారు. (మా ఆవిడ పెళ్ళిచూపుల నాడు కూడా వాళ్ళ మావయ్య నన్ను ఆ పేరుతోనే చూపించాడు. ఆ కోపం నాకింకా ఉంది.)

పుస్తకం ఇవ్వడంతో నా పని అయిపోదు. మళ్ళీ తీసుకునేటప్పుడు ఆ ఇంటివాళ్ళ అభిప్రాయం అడగాలి. రాయడం రానివాళ్ళు, వచ్చినా ఇంట్లో మగవాళ్ళ ఎదట కలం పట్టనివాళ్ళు, నాకు నోటితో చెప్పేవారు. అది విని, బుర్రలో పెట్టుకుని, సాయంత్రం సెక్రటరీ గారికి అప్పజెబితే ఆయన అభిప్రాయాల పుస్తకంలో ఎక్కించేవారు. మర్చిపోకుండా సంచి తాడుకు ఇంటికో ముడి వేసుకునేవాణ్ణి. ముడి పట్టుకోగానే ఆ ఇల్లాలి గొంతు చెవిలో వినిపించేది. 'నాకు ఏడుపొచ్చింది' అని ఆవిడ అంటే, నేనూ సెక్రటరీ గారి ఎదట నిలబడి 'నాకు ఏడుపొచ్చింది' అనే చెప్పేవాణ్ణి. 'ఆవిడకు ఏడుపొచ్చిందిట' అని తిప్పి చెప్పే తెలివి నాకు లేదు. ఈ సంగతి మీరు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

ఇలా ఉండగా అడవి జంతువుల నవల ఒకటి వచ్చింది. ఎవరో దానం చేసిన పాత పుస్తకం. అట్ట లేదు, మొదటి నాలుగు కాగితాలూ లేవు. పేరేమిటో, రాసిందెవరో ఎవరికీ తెలియదు. ఒక అడవికి నిప్పంటుకుంటుంది. ఒంటిదంతం ముసలి ఏనుగు మిగిలిన జంతువులన్నిటినీ వెంటపెట్టుకుని కొండలు దాటించి ఇంకో అడవికి తీసుకుపోతుంది. దారిలో ఒక దుప్పి పిల్ల చచ్చిపోతుంది, నక్క దాన్ని తినేస్తుంది. కథ జరిగే చోటు చలిదేశంలా ఉంది కనక అది లంబసింగి కొండేనని ఊరంతా తేల్చేశారు. ఆ నవల మా ఊరి ఇళ్ళలో పెట్టిన గందరగోళం ఇంతా అంతా కాదు. పోస్టుమాస్టరు గారి భార్య, ఆ ఏనుగు అచ్చం మా మావగారేనని చెప్పింది. అందరినీ ముందు తిట్టిపోసి తరవాత దారి చూపిస్తుందిట. తాలూకా గుమస్తా గారి తల్లి, ఇంత పుస్తకంలో ఒక్క ఆవు లేదు, ఇదేం పుస్తకం అంది. వాళ్ళ పక్కింటి ఇల్లాలు దుప్పి పిల్ల పోయే చోట ఏడుస్తూ కూర్చుంటే పొయ్యి మీద వంకాయ కూర మాడిపోయిందిట, అంచేత పుస్తకం మంచిదే అంది. కోటవురట్ల నుంచి కొత్తగా కాపరానికొచ్చిన కోడలు ఒకావిడ తలుపు చాటు నుంచి, "నక్కనే అందరూ తిడతన్నారు గానీ, ఆ నక్క తిండి తిని ఎన్నాళ్ళయిందో ఎవలైనా అడిగారా?" అంది. (ఇంతకన్న మంచి అభిప్రాయం నేను మళ్ళీ వినలేదు.)

అందరికన్న బాగా చదివేది ప్లీడరు గారి తల్లి. పెద్దమ్మగారు అనేవాళ్ళం. అరవై దాటిన విధవ. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని పైకి చదివేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ చేరేవారు. నేను అరుగు కింద సంచి ఒళ్ళో పెట్టుకుని వినేవాణ్ణి. నేను రాకపోతే మొదలుపెట్టేది కాదు, "ఆ సంచి వెధవని రానివ్వండి, మధ్యలో వచ్చి ఏమైంది ఏమైంది అంటాడు" అని. అలా వింటూ ఉండగా ఒకనాడు ఒక పేజీలో ఎలుగు వచ్చింది. చలికాలం రాగానే అది గుహలోకి పోయి, నెలల తరబడి అన్నం నీళ్ళు లేకుండా నిద్రపోయిందని రాశాడు ఆ మహానుభావుడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎలుగు నిద్రపోవడమేమిటి? చలికాలంలో పుట్టలు తవ్వి చెదలు తింటుంది. ఎండలు ముదిరితే ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు తిని, కైపెక్కి, కల్లు తాగినవాడిలా తూలుతుంది. ఓసారి తాతా నేనూ బండి మీద వస్తుంటే ఒకటి దారికడ్డంగా కూర్చుని, ఎద్దుల్ని చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూలబడింది. అది ఇంటికి పోయేదాకా మేం బండి ఆపుకుని కూర్చున్నాం. ఈ సంగతి చెబుదామని నోరు తెరిచాను. కానీ నన్నెవరూ అడగలేదు. అభిప్రాయం చెప్పాల్సింది చదివినవాళ్ళు. నేను మోసినవాణ్ణి.

ఇంతలో రీడింగు రూము వార్షికోత్సవం వచ్చింది. ఈసారి అది మామూలు పండగ కాదు. ప్లీడరు గారు మా రీడింగు రూము సంఘానికి అధ్యక్షులు. ఇళ్ళకు పుస్తకాలు పంపడం ఆయనకు మొదటినుంచీ గిట్టదు. ఆడవాళ్ళు చదివితే చదివారు, మళ్ళీ అభిప్రాయాలెందుకని ఆయన వాదన. అభిప్రాయాలు సభలో చదవండి, విని, ఈ ఇంటింటి పని ఉంచాలో మానాలో అక్కడే తేలుద్దాం అన్నారు. మానేస్తే నా కూడు పోతుంది. నాదలా ఉంచండి, ఆ అరుగుల మీద ఆ చదువులన్నీ పోతాయి. సభ ముందురోజు సెక్రటరీ గారు నన్ను కూర్చోబెట్టి ఒక్కో ముడే అడుగుతున్నారు. పెద్దమ్మగారి ముడి దగ్గరికి వచ్చాం. ఆ ముడి ఖాళీ. పుస్తకం ఇంకా పూర్తికాలేదు, అయ్యాక చెబుతానంది ఆవిడ. అధ్యక్షుల వారి ఇంటి అభిప్రాయమే లేకపోతే ఎలారా అని సెక్రటరీ గారు తల పట్టుకున్నారు. ఆయన అవస్థ చూసి జాలేసిందని చెబితే మీరు నమ్మేస్తారు. నిజం చెబుతాను. ఆ ఖాళీ ముడిని చూడగానే నా ఎలుగు దాన్లోకి దూరిపోయింది.

మర్నాడు సాయంత్రం సభ. మగవాళ్ళు హాల్లో, ఏడాదికి ఈ ఒక్కనాడే వచ్చే ఆడవాళ్ళు పక్క గదిలో చాప తెర వెనక. సెక్రటరీ గారు ఒక్కో అభిప్రాయమే చదువుతుంటే సభ నవ్వుతోంది. పోస్టుమాస్టరు గారింటి ఏనుగుకు ఆయనే ముందు నవ్వారు. నక్క దగ్గర చప్పట్లు కొట్టారు. ప్లీడరు గారి ముఖం కూడా కాస్త మెత్తబడింది. అప్పుడు సెక్రటరీ గారు గొంతు సవరించుకుని, ఇది అధ్యక్షుల వారి మాతృశ్రీ అభిప్రాయం అని చెప్పి మరీ చదివారు: "ఈ పుస్తకం రాసినవాడు ఎలుగును చూడలేదు, చూసినవాళ్ళని అడగనూ లేదు. ఎలుగు చలికాలం నిద్రపోదు. ఇప్పపువ్వు తిని తాగినవాడిలా తూలుతుంది. నేను బండి మీద పోతూ కళ్ళారా చూశాను."

ప్లీడరు గారు లేచి నిలబడ్డారు. "మా అమ్మ ఈ ఇంటికొచ్చాక ఊరి పొలిమేర దాటి ఎరగదండీ. ఇప్పచెట్ల కింద తూలే ఎలుగును ఎప్పుడు చూసింది? అసలీ అభిప్రాయాలు ఎవరివి?" అన్నారు. సెక్రటరీ గారు నా వంక చూశారు. అందరూ నా వంక చూశారు. నాదేనని ఒప్పుకుంటే మిగిలిన ముడులన్నీ అబద్ధాలైపోతాయి. ఆ ఏనుగు, ఆ నక్క, ఆ మాడిన కూర ఏదీ మిగలదు. ఒప్పుకోకపోతే ఆవిడ అబద్ధాలకోరు అవుతుంది. సంచి తాడు వేలికి చుట్టుకుని నిలబడిపోయాను.

తెర వెనక నుంచి పెద్దమ్మగారి గొంతు వినిపించింది. గట్టిగా కూడా కాదు.

"నేనే చెప్పాన్రా. నువ్వు పుట్టకముందు నేను చూసినవి చాలా ఉన్నాయి. అన్నీ నీకు అప్పజెప్పి చూడాలా?"

తెర వెనక ఆడవాళ్ళు పకపకా నవ్వారు. హాల్లో మగవాళ్ళు నవ్వకూడదని చూసి, ఆగలేక నవ్వారు. ప్లీడరు గారు కూర్చున్నారు. ఆయన అంత మంచి ప్లీడరు కావడానికి కారణం, ఎదటి పక్షం గెలిచినప్పుడు తెలుసుకోగలగడం. ఇంటింటి పుస్తకాల పని ఉంచుదామని ఆ రోజే తేలిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కాళ్ళీడ్చుకుంటూ ఆ అరుగు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒక్కతే ఉంది.

"ఏవిట్రా, నన్ను అడవికి పంపించావుట?"

"తప్పైపోనాదమ్మగారూ."

"తప్పు సంగతి తరవాత. నిజంగా తూలుతుందా?"

"నిజమేనమ్మగారూ. మా తాతా నేనూ సూశాం. లెగలేక సతికిలపడిపోనాది."

ఆవిడ కాసేపు నవ్వుకుంది. తరవాత కోపంగా చూసింది. పొద్దుటినుంచీ ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి ఎలుగు ఎంత ఎత్తుంటుంది, ఏ రంగు, పిల్లలుంటాయా అని ఆవిడ ప్రాణం తీస్తున్నారుట. "నల్లగా ఉంటుందని చెప్పాను. నల్లగానే ఉంటుందా?" అంది. గుండెల మీద వంకీలాంటి తెల్లటి మచ్చ ఉంటుందని చెప్పాను. "అది ముందే చెప్పి చావొద్దూ" అని విసుక్కుంది. చివరికి ఒక కరారు చేసుకున్నాం. ఎవరేమడిగినా తడుముకోకుండా చెప్పేటట్టు నేను ఆవిడకు ఎలుగులు నేర్పాలి. నా అభిప్రాయం నేనే రాసుకునేటట్టు ఆవిడ నాకు అక్షరాలు నేర్పుతుంది. "నా పేరు మీద నీ మాట ఎంతకాలం ఉంటుంది? వచ్చి నీ చేత్తో నువ్వు తీసుకో" అంది.

అలా మొదలైంది మా బడి. అరుగు కింద నేను, అరుగు మీద ఆవిడ, ఇసకలో అక్షరాలు. ఎద్దుల ముకుతాళ్ళు పట్టిన వేళ్ళు అంత తేలిగ్గా వంగుతాయా? 'ఋ' రాయమంటే బండి చక్రం ఊడి దొర్లినట్టు వచ్చేది. ఆవిడ మాత్రం వారం తిరక్కుండా ఎలుగు పుట్ట ఎలా ఊదుతుందో, చెట్టు ఎలా ఎక్కుతుందో అన్నీ పట్టేసింది. ఇరుగుపొరుగు వస్తే, నన్ను కూర్చోబెట్టుకునే, నాకే చెబుతున్నట్టు చెప్పేది. ఒకనాడు నేను విన్నదాంట్లో తాత బండి కాస్తా వాళ్ళ పుట్టింటివారి బండి అయిపోయింది. ఎద్దులకు పేర్లు కూడా పెట్టింది. నేను నోరు మూసుకుని 'ౠ' దిద్దుకున్నాను.

కొండల్లో ఇప్పపువ్వు రాలే రోజులకు నాకు రాయడం వచ్చింది. సెక్రటరీ గారు అభిప్రాయాల పుస్తకం నా ముందు పెట్టారు. రెండు వాక్యాలు రాయడానికి అరగంట పట్టింది. 'ఎలుగు చలికాలం నిద్రపోదు. ఇది చెప్పింది పెద్దమ్మగారు కాదు, నేను.' దాని కింద నా పేరు. సంచోడు కాదు, మా తాత పెట్టిన పేరు. తరవాత ఆ అభిప్రాయాల పుస్తకం ప్లీడరు గారింటికి తీసుకెళ్ళాను. నవల అప్పటికి ఎప్పుడో పూర్తయింది, ఆవిడ అభిప్రాయమే బాకీ. కొడుకు గుమ్మంలో నిలబడి చూస్తుండగానే కలం తీసుకుని, నా రాత కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఎలుగు సంగతి నాకు తెలియదు. అతనికి తెలుసు. అతన్ని అడగండి.' ప్లీడరు గారు అది చదివి, తల్లి వంక చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఆవిడ పోయింది, సెక్రటరీ గారూ పోయారు. మొన్నామధ్య మా మనవడు అట్టతో, పేరుతో, మొదటి కాగితాలతో సహా అదే నవల ఎక్కడినుంచో తెచ్చి ఇచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పేజీ చదివాను. 'సముద్రాలకు ఆవల, ఉత్తరాన ఉన్న చలిదేశంలో, ఆరు నెలలు ఎలుగులు నిద్రపోయే అడవుల్లోకి, సర్కసు నుంచి పారిపోయిన ఏనుగొకటి వచ్చింది' అని మొదలైంది కథ. ఆ నాలుగు కాగితాలు చిరక్కపోతే నేను సభలో అంత అవస్థ పడేవాణ్ణి కాదు. ఒక్క అక్షరమైనా నేర్చుకునేవాణ్ణీ కాదు. రాసినాయన ఎలుగును చూసే రాశాడు. ఆయన దేశాన్ని చూడనిది నేనే.

తప్పు దిద్దుదామని కలం జేబులో పెట్టుకుని రీడింగు రూముకు వెళ్ళాను. అభిప్రాయాల పుస్తకం అడుగు అలమరలో ఉంది, అంచులు చెదలు తిన్నాయి గానీ ఆ పేజీ బాగానే ఉంది. వంకరటింకరగా నా రెండు వాక్యాలు, వాటి కింద ఆవిడ గుండ్రటి అక్షరాలు. కొట్టేద్దామంటే చెయ్యి రాలేదు. 'అతన్ని అడగండి' అని రాసి పెట్టింది కదా. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా నేనే చెబుతున్నాను: అక్కడి ఎలుగు నిద్రపోతుంది, మన ఎలుగు తూలుతుంది.