మైకులో చెప్పని మూడు పేర్లు

ఇది 2023లో జరిగింది. సీతమ్మధారలో ఒక సాహిత్య సంస్థ హాలుకు నేను అటెండర్‌ని. గాజువాక నుంచి సిటీ బస్సులో వస్తాను. సన్మాన సభల్లో శాలువాను ఒక్క విదిలింపుతో విచ్చుకునేలా మడతపెట్టడం, సైటేషన్‌ని, అంటే సన్మాన పత్రాన్ని, అతిథి చేతికి అందించడం నా పని. నలభై ఐదు దాటాక మా కాలనీలో ఆడవాళ్ళ క్లాసుకు వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచి సైటేషన్‌ని తలకిందులుగా ఇవ్వడం మానేశాను.

ఆ రోజు సన్మానం మసేనమ్మకు. జాలరిపేటలో ఉంటుంది, చేపలు అమ్ముతుంది. వేటకు వెళ్ళి తిరిగిరాని ఒక బోటు గురించి ఆమె చెప్పిన కథను పేటలోని టీచరమ్మ ఫోనులో రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి, ఆసియా దేశాల కథల పోటీకి పంపింది. దానికి బహుమతి వచ్చింది. సన్మానం రోజున టీచరమ్మ ఊళ్ళో లేదు. మసేనమ్మ ఒక్కతే వచ్చింది.

గ్రీన్ రూమ్ అంటే స్టేజీ వెనక కూర్చునే గది. అక్కడ టీ ఇస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"సెల్లీ, నన్ను మాటాడనిత్తారా?"

"రెండు ముక్కలు మాటాడమంటారప్పా. ఏటి సెప్తావ్?" అన్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం.

"బోటు మీద పోయినోలు అప్పన్న, ఎల్లాజీ, మా తమ్ముడు నూకరాజు. కతలో పేర్లు మార్సీసినారు. మైకులో ఆల పేర్లు సెప్పీసి దిగిపోతాను. ఇంకేటీ వొద్దు."

అంతలో మా సంస్థ సెక్రటరీ గారు వచ్చారు. "అమ్మా, మీ కథలో యాస అద్భుతం. కానీ ఇది వేదిక. పత్రికల వాళ్ళున్నారు. కాస్త మంచి తెలుగులో మాట్లాడండి. సేపలు కాదు, చేపలు. సెప్పడం కాదు, చెప్పడం. ఆ 'స' వదిలేస్తే చాలు."

ఆయన వెళ్ళాక మసేనమ్మ నవ్వింది. "ఇన్నేళ్ళు అమ్మినాను. ఒక్క సేపా నన్ను తప్పనలేదు." అయినా టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చేపలు, చెప్పడం అని గొణుక్కుంటూనే ఉంది.

శాలువా కప్పారు. మైకు ఇచ్చారు.

"చబకి నమస్కారం," అంది.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకు అర్థం కాలేదు. గొంతు పెంచింది.

"మాది చముద్రం ఒడ్డు..."

హాలంతా నవ్వింది. రాయడం నేర్చుకునేటప్పుడు నేనూ సబ్బును 'చబ్బు' అనే రాశాను. 'స' తప్పని చెబితే మాలాంటి వాళ్ళం ఉన్న 'స'లన్నీ తీసేస్తాం. ఏది ఉంచాలో ఎవరూ చెప్పరు. స్టేజీ మీద సెక్రటరీ గారు కూడా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మసేనమ్మ మైకు కిందికి దించేసింది. ఆయన లేచి, "అమ్మ ఆనందంలో ఉన్నారు," అని మైకు అందుకుని వందన సమర్పణకు పిలిచారు.

గ్రీన్ రూమ్‌లో శాలువా విప్పి మడతపెట్టింది.

"ఆయన సెప్పినట్టే అన్నాను కదేటి, సెల్లీ?"

"అన్నావప్పా."

"మరెందుకు నవ్వినారు?"

నేను ఆమె తాగకుండా వదిలేసిన టీ గ్లాసు తీశాను. శాలువా సంచిలో కుక్కుకుంది. "సేపల బుట్ట మీద కప్పితే రంగు పోద్దేటి ఇది?" అని అడిగి, జవాబు వినకుండానే ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. వేదిక మీది పెద్దల పేర్లన్నీ ఉన్నాయి. చివర్లో 'ఆనందంతో గొంతు పెగలక రచయిత్రి మాట్లాడలేకపోయారు' అని ఉంది. దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించమని సెక్రటరీ గారు నాకిచ్చారు. జిగురు రాసి అంటించాను.

అక్షరాలు వచ్చు కాబట్టి ఈ ఒక్కటి చదివాను. రాని రోజుల్లో ఇదే బోర్డుకు ఇలాంటివి ఎన్ని అంటించానో నాకు తెలియదు.