నాలుక కింద మాత్ర

ఉదయం ఆరున్నరకు డైరీ తెరవడం ఉద్యోగం రోజుల నుంచీ నా అలవాటు. పోయిన చలికాలం ఆ వేళకు మా అరుగు ముందుకు ఒక ఆడమనిషీ, ఒక మగమనిషీ వచ్చేవారు. అరసవల్లి లాడ్జీల వెనక టార్పాలిన్ పాకలో ఉంటూ, కొబ్బరి చిప్పలూ ప్లాస్టిక్ సీసాలూ ఏరి బతికేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. పదేళ్లుగా కలిసి తాగారు, తాగి కొట్టుకున్నారు. ఆమె సీసా విసిరితే అతని ముందుపన్ను పోయింది. అతను తోస్తే ఆమె చెయ్యి విరిగింది. విడిపోయినప్పుడల్లా మళ్లీ సారా దగ్గరే కలిసేవారు.

ఒకరోజు ఆమె తాగి రోడ్డు మీద పడిపోతే లారీ కొద్దిలో తప్పింది. ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లి, తాగాలన్న యావ తగ్గే మాత్రలు తెచ్చుకున్నారు. ఎవరైనా చూస్తుండగా మింగాలనీ, తాగిన రోజు మింగకూడదనీ డాక్టరు చెప్పారట. ఒకరు మాని ఒకరు తాగితే కలిసి ఉండడం కుదరదని వాళ్లకే తెలుసు.

"మీరు రోజూ రాస్తారంట గదా బాబూ, మాదీ రాయండి," అంది ఆమె. "ఆడు మింగినాడో నేదో నాను సూడాల, నాను మింగినానో నేదో ఆడు సూడాల. ఇద్దరం దొంగలమే."

రోజూ పేజీలో ఇద్దరికీ చెరో గడి గీశాను. మాత్రలు నా దగ్గరే ఉంచారు. ఒకరు మింగాక రెండోవారు నాలుక ఎత్తించి చూసేవారు. ఆ తర్వాతే వేలిముద్ర.

"ఎత్తరా, ఇంకా ఎత్తు. మురిక్కాలవ నాగున్నాది నీ నోరు."

"నీది మల్లిపూల బుట్టేటి?"

ఇరవయ్యో రోజు అతను ఒక్కడే వచ్చాడు.

"ఎచ్చెర్లలో అక్క కూతురి ఫంక్షనుకెల్లి తాగతన్నాది బాబూ. నన్నూ రమ్మని ఫోను. ఎల్తే తాగీస్తాను. ఎల్లకపోతే అది మరి రాదేమో."

మాత్ర చేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చివరికి మింగి, నా ముందు నోరు తెరిచాడు. "మీరే సూడండి." కళ్లజోడు సర్దుకుని నాలుక కింద చూశాను.

"దాని గడి కొట్టీకండి. కాళీగా ఒగ్గీండి."

మర్నాడూ అంతే. మూడో రోజు అతను అరుగు దగ్గర ఉండగానే ఆమె వచ్చింది, కళ్లు వాచి, సారా వాసన కొడుతూ. డైరీలోకి తొంగి చూసింది.

"నన్నొగ్గీసి ఒక్కడివే మింగీసినావేట్రా?"

"అవునే. నువ్వొక్కర్తివే తాగీలేదేటి?"

నోరారా తిట్టింది. తిట్టి, నా వైపు తిరిగింది. "నావి ఆ రెండు కాళీ గడుల్లో తాగినాదని రాసీండి బాబూ." రాశాను. వాటి మీదా వేలిముద్ర వేసింది. "ఇయాలిటిది ఇయ్యండి."

"ఇవాళ కాదమ్మా. తాగి ఉన్నావు."

"అయితే రేపటిదాకా ఇక్కడే కూకుంటాను. పాకకెల్తే తాగతాను."

అరుగు మీద కూలబడింది. అతను కాస్త ఎడంగా, మొహం తిప్పుకుని కూర్చున్నాడు. ఆ రోజు చిప్పలు ఏరడానికి వెళ్లలేదు. పింఛనుదారుల సమావేశానికి నేనూ వెళ్లలేదు.

మర్నాడు ఆరున్నరకు ఆమె మాత్ర మింగింది. అతను నాలుక ఎత్తించి చూశాడు. నమ్మకం కుదరక ఇంకోసారి ఎత్తమన్నాడు. ఆమె తిట్టకుండా ఎత్తింది.