ఉడుకుమోతు ఎస్తేరు

కొత్త కుండలో వట్టివేళ్ల నీళ్ల వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా ఒళ్లు జల్లుమంటుంది. ఎంత మాటన్నాను, ఎవరినన్నాను!

అరవైల చివర్లో మేము తార్నాక వైపు యూనివర్సిటీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. చింతచిగురు వచ్చిన రోజుల నుంచి మామిడి ఒరుగులు ఎండి గలగలలాడే దాకా, మధ్యాహ్నాలన్నీ కాలే బండల మీద తొక్కుడుబిళ్లే. ఆ చెమటలు, ఆ అరుపులు, ఆ తగువులు! ఓడి ఏడిస్తే ఉడుకుమోతు, పక్కవాళ్లు తినే సకినం పెద్దదని మూతి ముడిస్తే ఉడుకుమోతు, ఉత్తుత్తి మాటకు కళ్లనీళ్లు పెట్టుకుంటే మరీ ఉడుకుమోతు. ఎసరు పొంగినా మా నాన్నమ్మ "గిదొక ఉడుకుమోతు" అని గిన్నెను తిట్టేది.

అందరిలోకీ పెద్ద ఉడుకుమోతు మా ఎస్తేరు. వాళ్ల నాన్న హాస్టల్లో తోటమాలి, ఇల్లు మాణికేశ్వర్ నగర్. దాహమైతే మిగతా పిల్లలు ఎవరిళ్లకు వాళ్లు పరుగెత్తేవారు; ఇల్లు దూరమని ఎస్తేరు మా ఇంటికి వచ్చేది. నాన్నమ్మ వట్టివేళ్లేసిన కొత్త కుండలో నీళ్లు ముంచి, గడప లోపల నిలబడి చెంబెత్తి పోస్తే, తను మెట్టు కింద వంగి దోసిలితో తాగేది, గౌను ముందంతా తడిసిపోయేది. అంతే, గెలిచే ఆటయినా వదిలేసి వెళ్లిపోయేది. "ఉడుకుమోతూ!" అని వెనక నుంచి గట్టిగా అరిచేది నేనే.

ఒకరోజు తను ఆటకు రాకపోతే వాళ్లింటికే వెళ్లాను. నాలుక పిడచకట్టుకుపోయి, నీళ్లడిగి, గడప బయటే వంగి బుద్ధిగా దోసిలి పట్టాను. పరాయి ఇంట్లో అలాగే తాగాలనుకున్నాను మరి!

వాళ్లమ్మ చేతిలో గిలాస అట్లాగే ఆగిపోయింది.

"అయ్యో బిడ్డా, గదేంది? ఊర్ల మాకు గిట్లనే పోస్తుండిరి. గది పడకనే గీడికొచ్చినం. నీకెవలు నేర్పిండ్రు?"

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మా నాన్నమ్మ ఎత్తిన చెంబు కళ్ల ముందు మెదిలింది. తల్లి వెనక నిలబడ్డ ఎస్తేరు నా కళ్లలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది. గిలాసెడు నీళ్లు గటగటా తాగి బయటపడ్డాను.

ఎస్తేరు వీధి మలుపు దాకా వెంట వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీ ఇంట్ల సంగతి చెప్పకే. చెప్తే అమ్మ ఆటకు పంపియ్యది."

మర్నాడు వచ్చింది. నాన్నమ్మ మళ్లీ చెంబెత్తే పోసింది. నేను పక్కనే నిలబడి చూశాను.

ఆ క్వార్టర్లు లేవు, బండలు పగలగొట్టి మేడలు కట్టారు, ఉడుకుమోతంటే ఏమిటో మా మనవరాలికి తెలియదు. మా ఇంటికి ఎవరొచ్చినా గిలాస చేతికిచ్చాకే కూర్చోమంటాను. ఇవ్వాల్సిన మనిషికి ఆనాడు ఇవ్వలేదు.