ఇరవై ఎనిమిది అడుగులు

ఆ చలికాలం మార్డెల్‌ను చూసినవాళ్ళందరూ ఒకటే మాట అనుకున్నారు, ఈవిడకు ఏదో అయిందని. ముప్ఫై ఏళ్ళుగా ఎల్బో సరస్సు గడ్డకట్టడం ఆలస్యం, చేపల కోసం మంచులో ఒక కన్నం వేసుకుని బోర్లించిన బకెట్టు మీద కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. పక్కన మంచు విరిగి ట్రక్కు మునిగినా తల తిప్పదని మావాళ్ళు నవ్వుకునేవారు. అలాంటి మనిషి ఈ ఏడు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కన్నం వేయడం, సోనార్ దించడం, పది నిమిషాలు డయల్ వంక చూడటం, "ఇక్కడ లేవు" అని లేవడం. వెనకాలే మంచు తొలిచే బరమా మోసుకుంటూ ఆమె చెల్లెలి మొగుడు రోలీ బామ్‌గార్ట్‌నర్. రోజుకు నలభై కన్నాలు. అడుగున చేపలు గుంపులుగా ఉన్నచోట కూడా "లేవు" అని లేచిపోతుంటే పక్కవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

నిజానికి ఈ సరస్సు మీద సోనార్ చదవడం సగంమందికి నేర్పింది ఆవిడే. మిషను నీళ్ళలోకి శబ్దాన్ని పంపుతుంది, అది దేన్ని తాకి తిరిగొస్తే అది గుండ్రటి డయల్ మీద గీతగా వెలుగుతుంది. ఎర తాలూకు గీత సన్నగా పచ్చగా, చేప లావుగా ఎర్రగా, అన్నిటికన్నా కింద అడుగు. ఇంతే కథ. కానీ ఆ ఎర్రగీత ఆకలి మీదుందో, ఊరికే చూసిపోవడానికి వచ్చిందో మార్డెల్ చూడగానే చెప్పేది. రోలీ అంటాడు, చేప కన్నా ముందు మా వదినకే తెలుసని.

ఇప్పుడు ఆ గీతలు ఆమెకు కనపడటం లేదు. దేన్ని నేరుగా చూస్తే అదే మాయమవుతోంది. అంచులు బాగానే ఉంటాయి. మనిషి ఎదురుగా నిలబడితే టోపీ కనిపిస్తుంది, చెవులు కనిపిస్తాయి, ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మసక. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే కాగితం మీద రాస్తారు, రాస్తే లైసెన్సు పోతుంది. మార్డెల్ స్కూలు బస్సు నడుపుతుంది. ఇరవై ఏడేళ్ళుగా అదే దారి, ఏడో నంబరు బస్సు, ప్రస్తుతం ముప్ఫై ఒక్కమంది పిల్లలు. జూన్‌లో రిటైరవుతుంది. జూన్ దాకా నెట్టుకొస్తే చాలు అనుకుంది. ఆమె ఇల్లు ఊరికి ఎనిమిది మైళ్ళ అవతల, ఒంటరి మనిషి. బండి లేకపోతే పాలడబ్బాకు కూడా ఒకరి దయ మీద బతకాలి. ఒకరి దయ మీద బతికే రకం కాదు ఆవిడ. ఇవన్నీ నిజమే, కానీ ఆమెను వెనకేసుకు రావడానికి ఇవేవీ చాలవని నేను అనుకుంటాను, ఆమె కూడా అనుకుంది.

మంగళవారం పొద్దున ఒక ఇంటి ముందు బస్సు ఆపి, పిల్లలు ఎక్కారనుకుని కదిలించబోయింది. ఒకటో తరగతి పిల్ల కిందపడ్డ టిఫిను డబ్బా తీసుకోవడానికి బస్సు ముందు వంగి ఉంది. వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి తలుపు మీద రెండు చేతులతో బాదింది. మార్డెల్ బ్రేకు తొక్కింది. "తొందరపడ్డాను, క్షమించమ్మా" అంది. ఆ తల్లి నమ్మింది. ఆ తర్వాత నాలుగు రాత్రులు మార్డెల్‌కు కంటిమీద కునుకు లేదు, అయినా రోజూ పొద్దున్నే బస్సు తీసింది.

అదే వారం శనివారం, జనవరిలో చివరిది. సరస్సు మధ్యలో నీళ్ళ కింద ఒక మిట్ట ఉంది, చేపలన్నీ అక్కడికి చేరాయని కబురు పాకింది. నాలుగు వందల మందికి తక్కువ లేరు. గుడారాలు, ట్రక్కులు, కుక్కలు, ఎటు చూసినా బరమాల రొద. అంత జనం ఉన్నచోట సోనార్లు ఒకదాని శబ్దం ఒకటి వింటాయి. పక్కవాడి మిషను కూత మన డయల్ మీద లేని చేపలను గీస్తుంది. అప్పుడు మావాళ్ళ పద్ధతేమిటంటే, ఒక్కొక్కరే మిషను ఆపుతారు, మిగతావాళ్ళు తమ డయల్ చూసి గీతలు పోయాయో లేదో చెబుతారు. ఎవరిది ఎవరికి తగులుతోందో తేలాక శక్తి తగ్గించుకుంటారు. దెబ్బలాటలు ఉండవు, మా వైపు గట్టిగా అరవడమే పెద్ద తప్పు.

పదడుగుల దూరంలో కన్నం వేసుకున్న హార్లన్ అనే ఆయన కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. బండి నంబరు ప్లేటును బట్టి అయోవా రాష్ట్రం వాడు.

"చలి బాగానే ఉంది" అన్నాడు.

"ఉండాల్సినంత ఉంది" అన్నాడు రోలీ.

కాసేపు ముగ్గురూ కాఫీ తాగారు. "మీ వల్లేనని అనట్లేదు గానీ, నా డయల్ నిండా గీతలేనండీ. ఏది చేపో తెలీట్లేదు" అన్నాడు హార్లన్.

"అయోవాలో చేపను చూసినవాడెవడు, తెలియడానికి?" అన్నాడు రోలీ. "సరే, ఒక్కొక్కరం ఆపుదాం. ముందు నువ్వు ఆపు. వదినా, నీ దాంట్లో పిచ్చిగీతలు ఉన్నాయా?"

"బోలెడు" అంది మార్డెల్. ఉండే ఉంటాయని ఆమెకు తెలుసు.

హార్లన్ తన బకెట్టు దగ్గరికి వెళ్ళి మిషను మీదికి వంగాడు.

"పోయాయా వదినా?"

"పోయాయి. శుభ్రంగా ఉంది."

"అయ్యో, నేనింకా ఆపలేదండీ" అన్నాడు హార్లన్ అటునుంచి. "చేతి తొడుగు ఊడి రావట్లేదు."

రోలీ పగలబడి నవ్వాడు. "చూశావా, మా వదిన పేరు చెబితే మిషన్లు కూడా ముందే నోరు మూసుకుంటాయి."

"నీ నోరే మూతపడదు మరిదిగారూ, ఎన్నాళ్ళు చెప్పినా" అంది మార్డెల్. గొంతు మామూలుగానే వచ్చింది. కానీ వెంటనే లేచి, "ఇక్కడ లేవు, పద" అంది.

రోలీ లేవలేదు. స్కూలు బస్సుల గ్యారేజీలో మెకానిక్కు అతను. ఏడో నంబరు బస్సు పక్క అద్దం ఈ చలికాలంలో రెండుసార్లు మార్చాడు. రెండుసార్లూ మంచు దిబ్బ తగిలిందని ఆమె చెప్పింది, అతను నమ్మాడు. ఇప్పుడు ఆ సంగతి గుర్తొచ్చిందేమో, నవ్వు ఆగిపోయింది.

"ఒక్క నిమిషం కూర్చో వదినా. నీ కన్నంలో మంచుపొర కడుతోంది, తీస్తాను" అని చిల్లుల గరిటె తీసుకుని ఆమె మోకాళ్ళ దగ్గర వంగాడు. అది రోజూ చేసే పనే. మార్డెల్ కూర్చుంది, డయల్ వంక చూస్తున్నట్టు తల వంచింది.

"అడుగు ఎంత లోతులో ఉంది?" అన్నాడు.

"ఇరవై ఎనిమిది."

"చేపలు?"

"ఒకటుంది. అడుక్కి రెండడుగుల పైన. చూస్తోంది, పైకి రావడం లేదు."

ఆమె బూటు మీద నీటిచుక్కలు టపటపా పడ్డాయి. ఎక్కడివా అని చెయ్యి చాపితే సోనార్ తీగ తగిలింది. అది నీళ్ళలోకి దిగడం లేదు, పైకి వెళ్తోంది. తీగ వెంబడే చెయ్యి పోనిచ్చింది. చివర రోలీ పిడికిలి ఉంది, పిడికిట్లో నీళ్ళలో ఉండాల్సిన సెన్సార్.

చుట్టూ బరమాల రొద అలాగే ఉంది. ఎవరికో చేప పడినట్టుంది, పది మంది చప్పట్లు కొట్టారు.

"డయల్ మీద ఏమీ లేదు వదినా. అడుగే లేదు" అన్నాడు రోలీ మెల్లగా.

"ఎండ పడి మెరుస్తోంది, అందుకని..."

"ఎండ లేదు."

మార్డెల్ లేచింది, నాలుగడుగులు వేసింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నాలుగు వందల మంది మధ్య దాక్కోవడానికి చోటు లేదు. "నాలుగు నెలలు రోలీ" అంది. "జూన్ దాకా. ఆ రోడ్డు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు."

"మూసుకునేగా నడుపుతున్నావు." "మా పిల్ల బ్రెన్నా నీ వెనక సీట్లోనే కూర్చుంటది. తెలుసుగా?"

"తెలుసు."

"సోమవారం ఎప్పటిలా బస్సు వేడిచేసి పెడతాను. తాళాలు నీకివ్వను. ఎందుకివ్వవని అందరి ముందూ నన్నడక్కు. ఆఫీసులో నేను చెబితే ఒకలా ఉంటది, నువ్వు చెబితే ఒకలా ఉంటది. ఏదో ఒకటి ఇప్పుడే తేల్చు."

ఆమెకు కోపం వచ్చింది, ఒళ్ళు మండింది. తాను వేలు పట్టుకుని నేర్పినవాడే పిల్లికి ఎలుక దొరికినట్టు తనని పట్టుకోవడమేమిటి అనిపించింది. కానీ ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. మంగళవారం తలుపు మీద పడ్డ చేతుల చప్పుడు దాన్ని తినేసింది. ఆ సంగతి రోలీకి చెప్పింది, డబ్బా, పిల్ల, తల్లి, అంతా. చెబుతున్నంతసేపూ అతను మంచు వంకే చూశాడు.

తర్వాత ఫోను తీసి బస్సుల ఆఫీసులో డ్యూటీలు వేసే బెవ్‌కు చేసింది. నంబరు చూసి కాదు, బొటనవేలికి అలవాటైన చోట నొక్కి.

"ఏంటి మార్డెల్, శనివారం పూట?" అంది బెవ్. "చేపలు పడట్లేదా?"

"సోమవారం నేను రాను."

"జ్వరమా? ఊరంతా జ్వరాలే. ఒక రోజు చాలా, రెండు రోజులు పెట్టనా?"

ఎంత తేలిక. అవును, జ్వరం. ఒక్క మాటతో పోయేది. పక్కన రోలీ వినడానికి వంగలేదు, అటు తిరిగి నిలబడ్డాడు. ఆ మాట అనేస్తే అతనికి తెలిసేది కూడా కాదు.

"జ్వరం కాదు బెవ్" అంది. "నాకు రోడ్డు కనపడటం లేదు."

అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత బెవ్ గొంతు మారింది, నెమ్మదిగా, కాగితం మీద రాసుకుంటున్నట్టు అడిగింది. "ఎప్పటినుంచి?"

మార్డెల్ పెదాలు తడుపుకుంది. "అక్టోబరు నుంచి."

రోలీ చటుక్కున ఇటు తిరిగాడు. ఏ రెండు మూడు వారాలనో అనుకున్నాడు పాపం. అతని పెదాలు కదలడం, ఒక్కో నెలా లెక్కపెట్టుకోవడం ఆమెకు కనపడలేదు, కానీ తెలిసింది. బెవ్ ఇంకేదో అడుగుతూనే ఉంది. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది.

ఫోను పెట్టేశాక రోలీ సామాను సర్దాడు. సెన్సార్ తీగ చుట్టాడు, కన్నంలో ఎవరూ కాలు పెట్టకుండా పక్కన ఒక కొమ్మ గుచ్చాడు. ఆ తర్వాత చెయ్యి చాపాడు. ఆ ఉదయం సరస్సు మీదికి ట్రక్కు తనే నడుపుకొచ్చింది మార్డెల్. జేబులోంచి తాళాలు తీసి ఆ చేతిలో పెట్టింది.

దారంతా అతను నోరు విప్పలేదు. వాగుడుకాయ రోలీ నోరు విప్పకపోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. ఇంటి ముందు బండి ఆపాక కూడా ఇంజను ఆపలేదు.

"రేపు చర్చిలో బ్రెన్నా కనపడుద్ది" అన్నాడు. "సోమవారం నువ్వెందుకు రావని అది నన్నే అడుగుద్ది. నేను చెప్పలేను వదినా. నువ్వే చెప్పు."

"చెప్తాను." తలుపు తీసి ఒక కాలు మంచులో పెట్టింది, ఆగింది. "ఏడేళ్ళ పిల్ల రోలీ. ఎక్కణ్ణుంచి చెప్పను?"

"అక్టోబరు నుంచి" అన్నాడు రోలీ.