ఉల్లిపొర గుడారం

రెండు నెలలు దుకాణాలన్నీ తిరిగి, తక్కెళ్లను ఏడిపించి, ఊదితే చెన్నై దాకా ఎగిరిపోయేంత తేలికైన, ఇద్దరు పట్టే గుడారం ఎంచుకున్నాను. ఉల్లిపొరంత పల్చన. కృష్ణగిరి దగ్గర గురుబరపల్లిలో, కాపలాదారు మునియప్పనడిగి ఆయన కాపలా కాసే మామిడితోటలో వేసి చూసుకున్నాను. ఆయన దాని చుట్టూ ముప్పైసార్లు తిరిగాడు.

"దీంట్లో ఇద్దురు పడతారాప్పా? మా ఆడమనిషిని పిల్చుకొని వస్తా. ఒక్క తూరి కూర్చొని చూస్తాం."

ఆయన అటు వెళ్లగానే, చిరుగుతుందన్న భయంతో గబగబా మడిచి సంచిలో పెట్టేశాను.

ఇద్దరూ కొత్తింట్లోకి వచ్చేవాళ్లలా కాళ్లు కడుక్కుని వచ్చారు. "నాకు ఆలస్యమవుతోందప్పా, మడిచేశాను," అని అబద్ధమాడాను.

"ఏమయ్యా, ఇల్లు చూపిస్తానని పిల్చుకొచ్చి సంచి చూపిస్తావుండావే!" అని ఆమె మొగుణ్ణి ఆటపట్టించింది.

ముగ్గురం నవ్వాం. మళ్లీ విప్పి వేయడానికి మూడు నిమిషాలు చాలు. నేను విప్పలేదు.