వీధి దాటిన నడుము వ్యాయామాలు

ఫిజియోథెరపీ పీజీలో నా థీసిస్ మగ్గం నేసేవాళ్ల నడుము నొప్పి మీద. జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్లో పై వీధి ఆడవాళ్లకు వ్యాయామాలు నేర్పించాను. కింది వీధి వాళ్లకు వేడి కాపడం మాత్రమే చెప్పాను. రెండు వీధులకూ తేడా ఎంతో తేల్చడమే నా పరిశోధన.

ఈ రోజు వెళ్లి చూస్తే కింది వీధిలోనూ నొప్పులు తగ్గిపోయాయి! ఒకామె నా ముందే చాప పరిచి, నేను పై వీధిలో నేర్పిన వ్యాయామాలన్నీ వరుసగా చేసి చూపించింది. నేర్పింది పై వీధి ఖాసింబీ అత్తేనట. ఒళ్లు మండి నేరుగా ఆమె ఇంటికే పోయాను.

"కింది వీధోళ్లకు చెప్పొద్దంటి కదత్తా!"

"రెండు దినాలు ఓర్చుకుంటి పాపా. ఆయమ్మ మగ్గం కాడ మూలగతాంటే, తెలిసీ నోరు మూసుకోని ఎట్లుండేది?"

గైడు మేడంకు ఫోన్ చేస్తే, వేరే ఊళ్లో మొత్తం మళ్లీ మొదలుపెట్టమన్నారు. తెలిసిన మంచి సంగతి పక్కింటికి చెప్పకుండా ఉండగలిగే ఊరు మన కడప జిల్లాలో ఎక్కడైనా ఉంటే కామెంట్లలో రాయండి. లింగాల మాత్రం వద్దు, అక్కడ మా మేనత్త ఉంది.